బెల్టు పెట్టుకున్నా ఆగని బజర్: నా పాత పికప్‌లో ఏం పనిచేసిందంటే

బెల్టు పెట్టుకున్నా బజర్ మోగుతూనే ఉండేది, రావులపాలెం నుంచి అమలాపురం చేరేసరికి తల వాచిపోయేది. ఫ్యూజు చూశాం, బకిల్‌లో (బెల్టు గుచ్చే లాక్‌లో) గాలి కొట్టించాం, వైరు కోసేద్దామన్న మెకానిక్‌ని వద్దన్నాను.

చివరికి బ్యాటరీ నెగటివ్ తీసి, సీటు వెనక్కి జరిపి, బకిల్ నుంచి వచ్చే సన్న వైర్ల కనెక్టర్ ఊడదీస్తే పిన్నుల నిండా పచ్చటి చిలుము. రొయ్యల చెరువుల దగ్గర తడికాళ్లతో ఎక్కే బండి కదా మరి! కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, ఆరాక మల్టీమీటర్‌తో బకిల్ వైపు చూశాను. బెల్టు పెడితే ఒక రీడింగు, తీస్తే ఇంకోటి, అంటే బకిల్ లోపలి స్విచ్ బాగానే ఉంది. మారకపోతే బకిలే మార్చాలేమో. తిరిగి బిగించాక మోత ఆగింది.

ఎయిర్‌బ్యాగ్ బళ్లలో పసుపు కనెక్టర్ మాత్రం ముట్టుకోవద్దు. మీ బండిలో తప్పు ఇంకెక్కడైనా ఉండొచ్చు, ముందు సీటు కింద చూడండి.