పవర్డ్ స్పీకర్ నిద్రపోకుండా చేయడం – 3: ముందు గ్రౌండ్, తర్వాతే సోల్డరింగ్

సౌండ్ సన్నగా ఉంటే స్పీకర్ తనంతట తానే నిద్రపోతుంది, దాన్ని ఆపడమే మన పని. పోయిన పాఠంలో యాంప్లిఫయర్ ఐసీని నిద్రపుచ్చే, లేపే స్టాండ్‌బై పిన్ దగ్గర వోల్టేజీ రెండుసార్లు కొలవమన్నాను. పాట వస్తుండగా ఒకసారి, స్పీకర్ నిద్రపోయాక ఇంకోసారి. దేవరకొండ తమ్ముడు 38, 33 వోల్టులు అని పంపాడు. జడ్చర్లలో భజన మండలి సౌండ్ చూసుకునే అన్నకు మీటర్‌లో అంకె నిలవనే లేదు. ఇద్దరిదీ ఒకటే ప్రశ్న, "ఐసీ పోయిందా?" అని.

పోలేదు. ఫోటోలు తెప్పించుకుని చూశాను. ఇద్దరూ మీటర్ బ్లాక్ ప్రోబ్‌ను గ్రౌండ్ మీద, అంటే సున్నా వోల్టులుగా లెక్కపెట్టే చోట కాకుండా, ఐసీ వేడిని లాగే హీట్ సింక్ మీద పెట్టారు. "గ్రౌండ్ మీద పెట్టండి" అని ఒక్క ముక్క రాసి వదిలేయడం నా పొరపాటే. అందుకే ఈసారి సగం పాఠం దీనికే.

మనం నేర్చుకుంటున్న టీడీఏ7294 ఐసీ వెనక ఉన్న లోహపు రేకు గ్రౌండ్ కాదు. లోపల అది మైనస్ సప్లయ్‌కు, అంటే 8వ పిన్‌కు కలిసి ఉంటుంది. మధ్యలో కరెంటును ఆపే మైకా రేకు లేకుండా బిగిస్తే హీట్ సింక్ మొత్తం మైనస్ 33 వోల్టుల మీద కూర్చుంటుంది. అక్కడి నుంచి కొలిస్తే పిన్ మీదున్న 5 వోల్టులు 38గా కనిపిస్తాయి, సున్నా 33గా కనిపిస్తుంది. తేడా చూడండి, సరిగ్గా 5. అంటే దేవరకొండ తమ్ముడి ఐసీ భేషుగ్గా పనిచేస్తోంది. జడ్చర్ల బోర్డులో మైకా ఉంది కాబట్టి హీట్ సింక్ దేనికీ కలవలేదు, అందుకే అంకె తిరుగుతూనే ఉంది.

ఇంతకంటే ప్రమాదం ఇంకొకటి. ఎస్‌ఎంపీఎస్ (స్విచ్చింగ్ రకం పవర్ సప్లయ్) ఉన్న స్పీకర్లలో మెయిన్ కెపాసిటర్ మైనస్ కాలు కూడా "గ్రౌండ్" లాగే కనిపిస్తుంది. అది నేరుగా కరెంటు వైపుది. ఆ కెపాసిటర్‌లో దాదాపు 325 వోల్టుల డీసీ ఉంటుంది, ప్లగ్ పీకినా కాసేపు నిలిచే ఉంటుంది. ఆ మైనస్‌ను ఆడియో వైపు గ్రౌండ్‌తో తీగ వేసి కలిపితే ఆర్‌సీఏ జాక్ (పాట లోపలికి వచ్చే ఇన్‌పుట్ సాకెట్) ముట్టుకున్నవాడికి షాక్. దయచేసి కలపకండి.

మరి గ్రౌండ్ ఎక్కడ? ఆర్‌సీఏ జాక్ బయటి రింగు. నేను ఏ బోర్డు ముట్టినా బ్లాక్ క్లిప్ అక్కడ తగిలించాకే రెడ్ ప్రోబ్ చేతిలోకి తీసుకుంటాను. సరిచూసుకోవాలంటే, కరెంటు తీసేసి, ఆ రింగు నుంచి ఐసీ 1వ పిన్‌కు మీటర్ బజర్ పెట్టండి. మోగాలి.

ఇప్పుడు అసలు పని. 9వ పిన్ స్టాండ్‌బై. అక్కడ 1.5 వోల్టుల కంటే తక్కువుంటే ఐసీ నిద్రపోతుంది, 3.5 దాటితే లేస్తుంది. 10వ పిన్ మ్యూట్, అంటే సౌండ్ ఆపేది, దాని లెక్కా అదే. ఐసీని నిద్రపుచ్చే కంట్రోల్ సర్క్యూట్ వైపు నుంచి 9కి ఒక రెసిస్టర్ వస్తుంది, ఎక్కువ బోర్డుల్లో 22కే (22 కిలో ఓమ్‌లు). దాని కంట్రోల్ వైపు కాలు ఒక్కటి లేపండి. ఆ కాలును 5 వోల్టుల లైన్‌కు కలపండి. మ్యూట్ లైన్ వేరుగా వస్తే దానికీ ఇలాగే చేయాలి, లేకపోతే ఐసీ మెలకువగా ఉన్నా సౌండ్ రాదు. ట్రాక్ కోసేవాళ్లున్నారు, నాకు నచ్చదు. కాలు లేపితే రేపు మళ్లీ దించుకోవచ్చు.

పిన్ దగ్గరున్న 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ తీయొద్దు. 22కేతో కలిసి అది ఐసీని మెల్లగా లేపుతుంది. తీస్తే ఆన్ చేసినప్పుడల్లా "ధబ్" మంటుంది. కంట్రోల్‌ను పక్కన పెట్టాం కాబట్టి ఆఫ్ చేసినప్పుడు చిన్న చప్పుడు రావచ్చు, దానికి భయపడకండి.

ఆ 5 వోల్టులు ఎక్కడివో కూడా చూసుకోవాలి. బ్లూటూత్ మాడ్యూల్‌వి తీసుకుంటే, కొన్ని స్పీకర్లలో నిద్రతో పాటు అవీ పోతాయి. స్పీకర్ నిద్రలో ఉండగా కొలిచి, 5 నిలిచి ఉన్న చోటే ఎంచుకోండి. స్పీకర్‌లో ఎల్‌ఎం3886 అనే వేరే ఐసీ ఉన్నవాళ్లు ఇదంతా చేయకండి. దాని మ్యూట్ పిన్ నుంచి మైనస్ వైపు కరెంటు లాగితేనే సౌండ్ వస్తుంది, లెక్క పూర్తిగా వేరు. అది వచ్చే పాఠంలో.

నిద్రపోనివ్వకపోతే కరెంటు బిల్లు ఎంత పెరుగుతుందని అడిగారు. ఖాళీగా ఉన్నప్పుడు ఈ ఐసీ మామూలుగా 30 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. ప్లస్, మైనస్ 33 మీద ఐసీకి సుమారు 2 వాట్లు. భజనలో తంబురా శృతి ఒక్కటే సన్నగా వినపడుతున్నప్పుడు స్పీకర్ నిద్రపోవడం కంటే ఇది నయం. రాత్రి మాత్రం వెనక స్విచ్ ఆపేయండి.

అభ్యాసం: మొదటిసారి సిరీస్ బోర్డులో (స్పీకర్‌కు వెళ్లే కరెంటు బల్బు గుండా పోయే బోర్డు) 60 వాట్ల బల్బు పెట్టి ఆన్ చేయండి. బల్బు ఒక్కసారి వెలిగి తగ్గాలి. నిండుగా వెలుగుతూనే ఉంటే వెంటనే ఆపండి. బాగుంటే డైరెక్ట్‌గా ఇచ్చి, ఇన్‌పుట్ లేకుండా రెండు గంటలు ఉంచండి. ప్రతి పదిహేను నిమిషాలకు 9, 10 పిన్‌ల వోల్టేజీ రాయండి. తర్వాత పదిసార్లు ఆఫ్, ఆన్. రీడింగులు పంపేటప్పుడు బ్లాక్ ప్రోబ్ ఎక్కడ తగిలించారో ఫోటో కూడా పంపండి. నేను మొదట చూసేది అదే.