జావా పాఠాలు – 7: లిస్టు నుంచి ఇంట్ అరేకి

గత పాఠంలో విశాఖ ఫిషింగ్ హార్బర్ లెక్క మొదలుపెట్టాం. వేలానికి వచ్చిన చేపల పెట్టెల బరువులు, పడవకొకటి చొప్పున, కిలోల్లో: 42, 38, 51. అవి ఇంటీజర్ల (పూర్ణ సంఖ్యను ఆబ్జెక్టుగా చుట్టినవి) అరేలిస్టులో ఉన్నాయి. ఇప్పుడు వాటిని ఇంట్ అరేలోకి, అంటే ఉత్త పూర్ణ సంఖ్యలుండే గదుల వరుసలోకి, దించాలి.

చెయ్యి ముందుగా లిస్టు తాలూకు టుఅరే మెథడ్ మీదికే పోతుంది. అది ఆబ్జెక్ట్ అరే ఇస్తుంది. అడిగితే ఇంటీజర్ అరే ఇస్తుంది. దాన్ని ఇంట్ అరేగా క్యాస్ట్ చేయబోతే (రకం మార్చబోతే) మాత్రం కంపైలరే ఆపేస్తుంది. ఇంటీజర్ అరే గదుల్లో ఉండేవి అంకెలు కావు, రిఫరెన్సులు, అంటే ఆబ్జెక్టు ఎక్కడుందో చెప్పే చిరునామాలు. ఆటో అన్‌బాక్సింగ్ (ఇంటీజర్‌ను జావాయే ఇంట్‌గా విప్పడం) విడివిడి విలువలకే గాని అరే మొత్తానికి వర్తించదు. 64 బిట్ హాట్‌స్పాట్‌లో (జావా ప్రోగ్రాములను నడిపే వర్చువల్ మెషీన్), మామూలు సెట్టింగులతో, ఇంటీజర్ ఒక్కటి 16 బైట్లు, దాని రిఫరెన్సు మరో 4. ఇంట్ అయితే మొత్తం 4 బైట్లే.

2014లో వచ్చిన జావా 8 నుంచి ఒక్క వరుస చాలు (టైపు చేసేది ఇంగ్లీషు అక్షరాల్లోనే సుమా):

బరువులు.స్ట్రీమ్().మ్యాప్‌టుఇంట్(ఇంటీజర్::ఇంట్‌వాల్యూ).టుఅరే()

స్ట్రీమ్ విలువలను ఒక్కొక్కటిగా పంపుతుంది, మ్యాప్‌టుఇంట్ ఒక్కోదాన్నీ ఇంట్ చేస్తుంది. అది మరిచి మ్యాప్ రాస్తే మళ్లీ ఆబ్జెక్ట్ అరేనే చేతికొస్తుంది.

అసలు చిక్కు నల్‌తో, అంటే విలువే లేని చోటుతో. రెండో పడవ పెట్టె ఇంకా తూకం వేయలేదనుకోండి, ఆ చోట నల్ ఉంటుంది. పై వరుస నల్‌పాయింటర్‌ఎక్సెప్షన్ విసిరి ఆగిపోతుంది. చాలామంది వెంటనే ఫిల్టర్ పెట్టి నల్‌ను తీసేస్తారు. ప్రోగ్రాము నడుస్తుంది, లెక్క తప్పుతుంది: మూడో పడవ 51 కిలోలు రెండో గదిలోకి జరిగి రెండో పడవ ఖాతాలో పడతాయి. మొత్తం బరువు ఒక్కటే కావాలంటే ఫిల్టర్ ఫరవాలేదు. గది నంబరే పడవ నంబరైతే నల్ చోట -1 పెట్టండి. సున్నా వద్దు, చేపలు పడని పడవకీ తూకం వేయని పడవకీ తేడా ఉండదు.

అంకెల స్ట్రీముల్లో ఇంట్, లాంగ్, డబుల్ రకాలే ఉన్నాయి. ఫ్లోట్, బైట్, షార్ట్ అరేలకు ఫర్ లూపే గతి. అందులో ఇండెక్సుతో గెట్ పిలవకండి. లింక్డ్‌లిస్టయితే (గొలుసులా కట్టిన లిస్టు) ప్రతి గెట్‌కూ దగ్గరున్న కొస నుంచి నడుచుకుంటూ రావాలి. ఫర్ఈచ్ లూపు రాసి, ఇండెక్సును విడిగా పెంచుకోండి.

అభ్యాసం: 42, నల్, 51 ఉన్న లిస్టును అరేలిస్టులో కట్టండి. లిస్ట్.ఆఫ్‌తో కట్టకండి, అది నల్‌ను ఒప్పుకోదు. -1 పెట్టి ఇంట్ అరే చేశాక, దాన్ని అరేస్.యాజ్‌లిస్ట్‌కు (అరేను లిస్టుగా చూపేది) ఇచ్చి సైజు చూడండి. 3 బదులు 1 వస్తుంది. ఎందుకో 8వ పాఠంలో.