ఊరేగింపు దారిలో మసీదు, జులూస్ దారిలో గుడి: శాంతి కమిటీ చేయాల్సిన పని

హిందూ, ముస్లిం పెద్దలకు పండగకు రెండు రోజుల ముందు పోలీస్ స్టేషన్‌లో కుర్చీలు వేసి, టీ బిస్కెట్లు ఇచ్చి, "అందరం అన్నదమ్ముల్లా ఉందాం" అనిపించి పంపేస్తే దాన్ని శాంతి కమిటీ అనలేం. అప్పటికి డీజే బండికి అడ్వాన్సు ఇచ్చేసి ఉంటారు, దారి ఖాయమైపోయి ఉంటుంది, మార్చడానికి ఏమీ మిగలదు. పని కనీసం 45 రోజుల ముందు మొదలవ్వాలి.

ముందుగా పంచాంగం, హిజ్రీ క్యాలెండర్ పక్కపక్కన పెట్టుకోండి. హిజ్రీ ఏడాదికి దాదాపు 354 రోజులే కాబట్టి ముస్లిం పండగలు ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతాయి. హిందూ పండగలూ జరుగుతాయి గానీ 32, 33 నెలలకోసారి వచ్చే అధిక మాసం వాటిని మళ్లీ వెనక్కి లాగుతుంది. అందుకే కొన్ని జంటలు రెండు మూడేళ్లు ఒకదాన్నొకటి రాసుకుంటూ వెళ్లి, తర్వాత విడిపోతాయి. 2023లో వినాయక నిమజ్జనం జరిగే అనంత చతుర్దశి, ప్రవక్త పుట్టినరోజైన మిలాద్ ఉన్ నబీ రెండూ సెప్టెంబరు 28నే పడ్డాయి. 2025లో హోలీ రంజాన్ నెల శుక్రవారం నాడు వచ్చింది. 2027 మార్చి మొదటి వారంలో శివరాత్రి జాగారం, మసీదుల్లో రాత్రంతా ప్రార్థనలు జరిగే రంజాన్ 27వ రాత్రి దాదాపు కలిసే లెక్క ఉంది, కచ్చితంగా ఏ రాత్రో నెలవంక తేలుస్తుంది. ఇలాంటి తేదీలు ఏడాది ముందే రాసి పెట్టుకోవచ్చు.

తర్వాత పూజారిని, ఇమామ్‌ను విడివిడిగా ఒకే ప్రశ్న అడగండి: "ఇందులో వేళ తప్పకూడనిది ఏది, ఆనవాయితీగా వచ్చింది ఏది?" మొత్తం వ్యవహారానికి తాళంచెవి ఇదే. అధికారి వచ్చి "ఊరేగింపు వాయిదా వేయండి" అంటే జనానికి అది తమ మతాన్ని తగ్గించినట్టు వినిపిస్తుంది. అదే మాట తమ పెద్ద నోట, తమ శాస్త్రం నుంచి వస్తే ఇంకోలా వినిపిస్తుంది. వినాయకుడికి ఉద్వాసన చెప్పి విగ్రహాన్ని కాస్త కదిపితే పూజ ముగిసినట్టే. ఆ తర్వాత బండి మధ్యాహ్నం కదిలినా సాయంత్రం కదిలినా దోషం లేదు. మూడో రోజు, అయిదో రోజు నిమజ్జనం చేసేవాళ్లూ ఉన్నారు. అటువైపు నమాజు వేళలు సూర్యుణ్ని బట్టి నడుస్తాయి, మగ్రిబ్ అయితే పొద్దు గుంకగానే చదవాలి. జులూస్ (మిలాద్ ఊరేగింపు) మాత్రం ఫర్జ్ కాదు, అంటే తప్పనిసరి విధి కాదు. 2023లో హైదరాబాద్‌లో మిలాద్ ప్రార్థనలు తేదీ ప్రకారమే జరిగాయి, జులూస్‌ను నిర్వాహకులే అక్టోబరు 1కి జరుపుకున్నారు. ఇలా ఒక పక్షం తగ్గినప్పుడు రెండో పక్షం బహిరంగంగా కృతజ్ఞత చెప్పాలి. ఈ చిన్న మర్యాద మరిచిపోతే మరుసటి ఏడాది ఎవరూ తగ్గరు.

కమిటీలో ఎవరుండాలి? ఇరవై మంది చాలు, రెండు వైపులా సమానంగా. మైకు దొరికితే వదలని నాయకులు ఇద్దరికి మించి వద్దు. మండపం కుర్రాళ్లు, మసీదు సదర్ (కమిటీ అధ్యక్షుడు), డీజే యజమాని, లారీ డ్రైవర్, కరెంటు లైన్‌మన్, ఆ వీధిలో కొట్టు ఉన్నవాళ్లు, రెండు వైపుల ఆడవాళ్లు కావాలి. గొడవ మొదలయ్యే చోట ఉండేది వీళ్లే. తెలంగాణ పల్లెల్లో పీర్ల పండక్కి పీర్లను ఎత్తే హిందూ కుటుంబాలుంటే వాళ్లను తప్పక పిలవండి, వాళ్ల మాట రెండు వైపులా చెల్లుతుంది. మొదటి సమావేశం స్టేషన్‌లో కాకుండా బడిలోనో ఫంక్షన్ హాల్లోనో పెట్టండి.

పండగ లేని నెలల్లో కూడా కలవాలి, మురికికాలవ గురించో నల్లా గురించో అయినా సరే. మహారాష్ట్రలోని భివండీ 1970లో, 1984లో అల్లర్లతో తగలబడింది. 1988లో అక్కడికి డీసీపీగా వచ్చిన సురేష్ ఖోపడే పేటపేటకూ మొహల్లా కమిటీలు పెట్టించి రెండు మతాల వాళ్లనూ కూర్చోబెట్టారు. 1992 డిసెంబరులో, 1993 జనవరిలో ముంబై మండుతుంటే, పక్కనే ఉన్న భివండీ కుదురుగా ఉంది.

ఇక దారి. కాగితం మీద గీత గీస్తే చాలదు, రెండు వైపుల వాళ్లూ టేపు పట్టుకుని కలిసి నడవాలి. విగ్రహం ఎత్తు, కరెంటు తీగల ఎత్తు, రోడ్డుకు అడ్డంగా కట్టిన ఆర్చీలు, మలుపు దగ్గర వెడల్పు రాసుకోండి. బండి ఇరుక్కుని ఆగే చోట మసీదో గుడో ఉంటే అక్కడే జనం పేరుకుంటారు, అరుపులు మొదలవుతాయి.

వేళ లెక్క ఇలా కట్టండి. డప్పులతో నడిచే బండి గంటకు కిలోమీటరు పోతుందనుకోండి. మసీదుకు ముందు వంద, వెనక వంద, మొత్తం 200 మీటర్లు దాటడానికి ఒక్కో బండికి 12 నిమిషాలు. 15 బండ్లను ఒకటి దాటాకే ఇంకొకటి వదిలితే మూడు గంటలు. సెప్టెంబరులో మన దగ్గర మగ్రిబ్ సుమారు ఆరుంబావుకు. అసర్ (సాయంత్రం నమాజు) జమాత్, అంటే అందరూ కలిసి చదివే నమాజు, అయ్యాక అప్పటిదాకా మిగిలేది గంటో గంటన్నరో, అందులో 15 బండ్లు పట్టవు. జుహర్‌కూ (మధ్యాహ్నం నమాజు) అసర్‌కూ మధ్య దాదాపు మూడు గంటలు దొరుకుతుంది. అంటే మధ్యాహ్నం రెండింటికల్లా మొదటి బండి అక్కడికి చేరాలి. జమాత్ వేళలు మసీదు బోర్డు మీద చూసి రాసుకోండి, ఊహించకండి. శుక్రవారమైతే లెక్క మళ్లీ మొదటి నుంచి కట్టాలి. బండ్లు చాలా ఉంటే జంటలుగా వదలండి. ఇంత లెక్క కట్టినా మొదటి బండి ఆలస్యమైతే అంతా తలకిందులవుతుంది, ఆలస్యమయ్యేది సాధారణంగా క్రేన్ వల్లో, లడ్డూ వేలం వల్లో. వేలం ముందు రోజు రాత్రే ముగించండి.

శబ్దం విషయంలో నియమం స్పష్టంగా ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ కూడదు. రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా, అర్ధరాత్రి వరకు మాత్రమే సడలించగలదు. హైదరాబాద్ పోలీసులు 2024 అక్టోబరులో మతపరమైన ఊరేగింపుల్లో డీజేలనే నిషేధించారు. సౌండ్ సిస్టమ్‌కు అనుమతి ఉన్న ఊళ్లో పాటల పెన్‌డ్రైవ్‌ను వారం ముందే కమిటీ వినాలి. గొడవలు చాలావరకు దేవుడి పాటతో రావు, అవతలివాళ్లను తిట్టే పాటతో వస్తాయి. ఇదే నియమం మిలాద్ బైకు ర్యాలీకీ వర్తిస్తుంది: సైలెన్సర్ తీసిన బండి, గుడి ముందు ఆగి హారన్ కొట్టడం రెండూ కుదరవు.

గులాలు చల్లడం మసీదు గోడకు 50 మీటర్ల ముందే ఆపాలి. కొన్ని ఊళ్లలో మసీదుకు టార్పాలిన్ కప్పేస్తుంటారు. అది గోడను కాపాడుతుంది గానీ "మీ మీద నమ్మకం లేదు" అని పెద్ద అక్షరాలతో చెప్పినట్టే. దానికన్నా రెండు వైపుల కుర్రాళ్లు పదేసి మంది గోడ ముందు కలిసి నిలబడటం మేలు. కరెంటు స్తంభాల మీది ఆకుపచ్చ, కాషాయ జెండాలు ఏ తేదీన ఎవరు దించాలో రాసుకోండి. రాత్రి గాలికి చిరిగిన జెండా తెల్లారేసరికి "చింపిన జెండా" అయిపోతుంది.

పుకార్ల కోసం వార్డుకు రెండు ఫోన్లు పెట్టండి, అటువైపు ఒకరు, ఇటువైపు ఒకరు. వీడియో వస్తే ఇద్దరూ పదిహేను నిమిషాల్లో ఆ చోటికి కలిసి వెళ్లి, అక్కడి నుంచే ఒకే ఫ్రేములో నిలబడి నిజం చెప్పాలి. ఒక్కరే చెబితే సగం ఊరే నమ్ముతుంది.

ఏదైనా జరిగితే, గాయపడినవాళ్ల దగ్గరికి ఆసుపత్రికి పెద్దలు ఇద్దరూ కలిసి వెళ్లాలి. పగిలిన అద్దం, చిరిగిన ఫ్లెక్సీ లాంటివి మర్నాడు మధ్యాహ్నం లోపు కమిటీ డబ్బుతో బాగుచేయించాలి. అందుకు చిన్న నిధి ముందే ఉండాలి, రెండు వైపులా సమానంగా వేసుకున్నది. రాజీ తొందర మాత్రం వద్దు. నష్టం పూడ్చకుండా "క్షమించేయండి" అని బతిమాలితే దెబ్బ తిన్నవాడికి అది రెండో దెబ్బ. కేసు ఉపసంహరించుకోమని ఒత్తిడి చేయడం కమిటీ పని కానే కాదు.

ఒప్పందాన్ని తెలుగులో, ఉర్దూలో ఒకే కాగితం మీద రాయించి, అందరి సంతకాలతో నాలుగు నకళ్లు తీయండి: గుడికి, మసీదుకు, స్టేషన్‌కు, మున్సిపాలిటీకి. ఎస్సై బదిలీ అయితే కొత్తాయనకు వారంలోపే ఆ కాగితం చేర్చి, మసీదు, గుడి ఉన్న ఆ దారి మళ్లీ ఒకసారి కలిసి నడవండి.