స్కిప్పింగ్ మొదలుపెడుతున్నారా? ఎత్తు ఎగరడం మానేయండి

జిమ్‌కి డబ్బులు కట్టకుండా, ఇంట్లో పెద్ద మెషీన్ పెట్టకుండా ఒళ్లంతా చెమట పట్టాలంటే ఒక తాడు, చుట్టూ కాస్త జాగా ఉంటే చాలు. అయినా చాలామంది వారం తిరక్కుండానే తాడు మూలన పడేస్తారు. అది బద్ధకం వల్ల అంటే నేను ఒప్పుకోను. మొదటి రోజే వంద దూకాలని పట్టుబట్టి, ప్రతిసారీ అవసరానికి మించి ఎగిరి, మర్నాడు పిక్కలు పట్టేసి మెట్లు దిగలేక ఇబ్బంది పడితే ఎవరికైనా విసుగొస్తుంది.

ముందు తాడు సంగతి. ఖరీదైనది అక్కర్లేదు గానీ పొడవు మాత్రం కచ్చితంగా చూసుకోవాలి. తాడు మధ్యలో ఒక కాలితో తొక్కి నిలబడి రెండు పిడులూ నిటారుగా పైకి లాగండి, పిడుల చివర్లు చంకల దాకా వస్తే సరిపోయినట్టే. భుజాలు దాటి పైకి వస్తే పొడవెక్కువ. అప్పుడు తెలియకుండానే చేతులు పక్కలకు చాచి తిప్పుతారు, ఒక నిమిషానికే భుజాలు లాగేస్తాయి. ఎక్కువైన పొడవుని వెంటనే కత్తిరించేయకండి, పిడి దగ్గర ఒక ముడి వేసి కొన్నాళ్లు చూడండి. కొత్తవాళ్లకు పీవీసీ తాడు గానీ పూసల తాడు గానీ బాగుంటుంది, కాస్త బరువుంటుంది కాబట్టి తాడు ఎక్కడ తిరుగుతోందో చేతికి తెలుస్తుంది. సన్నటి స్టీల్ కేబుల్ స్పీడ్ రోప్ తర్వాత ఎప్పుడైనా చూసుకోవచ్చు, అది కాలికి తగిలితే మంట మామూలుగా ఉండదు.

నేల చెక్కదైనా, రబ్బరు మ్యాట్ పరిచినదైనా మంచిది. సిమెంటు నేల మీద రోజూ దూకితే కాళ్లకు దెబ్బే. గడ్డిలో తాడు చిక్కుకుంటుంది. షూ వేసుకోండి, ముందు పాదం కింద మెత్తగా ఉండేవైతే మేలు.

ఇప్పుడు అసలు విషయం. తాడు పట్టుకుని వెంటనే దూకొద్దు. రెండు పిడులూ ఒకే చేతిలో పట్టుకుని, పక్కన గాలిలో తిప్పుతూ, తాడు నేలకు తగిలిన చప్పుడు వినిపించినప్పుడల్లా చిన్నగా ఎగరండి. ఒక చేత్తో కాసేపు, రెండో చేత్తో కాసేపు. లయ కుదిరాక తాడు వెనక్కి వేసుకుని మొదలుపెట్టండి. మోచేతులు పక్కటెముకల దగ్గరే ఉండాలి, చేతులు నడుము ఎత్తులో కొంచెం ముందుకి, తిరగాల్సింది మణికట్టు మాత్రమే. ఇక ఎగిరే ఎత్తు అంగుళం చాలు, నిజంగా అంతే! తాడు మందం చిటికెన వేలంత కూడా ఉండదు, పాదాల కింద నుంచి అది జారిపోతే సరిపోతుంది. ముందు పాదం మీద దిగండి, మోకాళ్లు బిగపట్టకుండా కొద్దిగా వంచి ఉంచండి. దిగినప్పుడు ధబ్‌మని చప్పుడు వస్తోందంటే ఎక్కువ ఎగురుతున్నారని అర్థం.

ఎన్నిసార్లు దూకామని లెక్కపెట్టకండి, గడియారం చూడండి. 20 సెకన్లు దూకడం, 40 సెకన్లు అటూ ఇటూ నడవడం, ఇలా పది రౌండ్లు. మొత్తం పది నిమిషాలు, అందులో దూకేది మూడు నిమిషాల చిల్లర మాత్రమే. తాడు తగిలి ఆగిపోతే ఆగిపోనివ్వండి, సమయం నడుస్తూనే ఉంటుంది, మళ్లీ అందుకోండి. రోజు విడిచి రోజు చేయండి, ఎందుకంటే ఊపిరి త్వరగా అలవాటు పడినా పిక్కలకీ, వాటిని మడమ ఎముకకు కలిపే స్నాయువుకీ ఎక్కువ కాలం పడుతుంది. వారానికోసారి దూకే సమయం 5 సెకన్లు పెంచి, విశ్రాంతి అంత తగ్గించండి. ఆయాసం చూసి కంగారు పడొద్దు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు దూకేటప్పుడు ఖర్చయ్యే శక్తి, ఊరికే కూర్చున్నప్పటికి దాదాపు 12 రెట్లు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకీ ఆయాసం వస్తుంది.

బరువు తగ్గాలనుకునేవాళ్లకి ఒక మాట. 70 కిలోల మనిషి నెమ్మదిగా దూకినా నిమిషానికి సుమారు 10 కెలోరీలు ఖర్చవుతాయి, మంచిదే, కానీ మూడు నాలుగు నిమిషాలు దూకినంత మాత్రాన తిన్నదంతా కరిగిపోదు. గుండెకీ కాళ్లకీ వచ్చే బలం కోసం చేయండి, బరువు సంగతి కంచం దగ్గర కూడా చూసుకోవాలి.

పిక్కలు రెండు రోజులు నొప్పి పెట్టడం మామూలే. మోకాలి కింద ముందు ఎముక వెంబడి నొప్పి వచ్చినా, పొద్దున్న లేవగానే మడమ పైన పట్టేసినట్టున్నా మొండికేయకుండా ఆపేసి, తగ్గేదాకా నడవండి. గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, మోకాలి ఆపరేషన్, గర్భం ఉన్నవాళ్లు డాక్టర్ని అడగందే మొదలుపెట్టకూడదు. ప్రసవం తర్వాత దూకుతుంటే మూత్రం చుక్కలు పడుతున్నాయని చాలామంది ఆడవాళ్లు ఎవరికీ చెప్పకుండా వ్యాయామమే మానేస్తారు. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, మూత్రాన్ని ఆపిపట్టే కటి కండరాలకు వ్యాయామాలున్నాయి, ఫిజియోథెరపిస్టుని కలవండి.

ఒక నిమిషం పాటు తగలకుండా దూకగలిగాక, రెండు కాళ్లతో ఎగిరే బదులు బరువు ఒక్కో కాలి మీదికి మారుస్తూ బాక్సర్లలా చేసి చూడండి. పిక్కలకు మధ్యమధ్యలో విశ్రాంతి దొరుకుతుంది, దాంతో ఇంకాస్త సేపు ఆగకుండా చేయొచ్చు.