నాచు కొమ్మలో ఆక్సిజన్ బుడగలు లెక్కపెట్టడం

ఆకు వెలుతురుతో చక్కెర చేసుకోవడం కంటికి కనపడదు. ఆ పనిలో బయటికొచ్చే ఆక్సిజన్ మాత్రం కనపడుతుంది, నీళ్లలో పెరిగే మొక్కయితే లెక్కపెట్టొచ్చు కూడా. కోనసీమ పంటకాలువల్లో దొరికే హైడ్రిల్లా నాచు ఇందుకు బాగా పనికొస్తుంది. వేసవిలో కాలువలు కట్టేస్తే ఊరి చెరువులో చూడండి.

చిగురున్న పచ్చటి కొమ్మలు ఏడెనిమిది తెచ్చి, బురద, నత్తలు పోయేలా కడగండి. లీటరు నీళ్లలో అర టీస్పూను వంటసోడా కలపండి, మొక్కకు కార్బన్ డయాక్సైడ్ అందేది దాన్నుంచే. కాచి చల్లార్చిన నీళ్లే పోసి సోడా మరిచిపోతే బుడగలు రావు, కాచినప్పుడే ఆ వాయువు ఎగిరిపోయి ఉంటుంది.

ఒక కొమ్మను నీళ్లలో ముంచి ఉంచే, చిగురు నుంచి 10 సెంటీమీటర్ల దగ్గర బ్లేడుతో కోయండి. కోసిన కొన పైకి రావాలి. చిగురు పైకి పెట్టి బుడగల్లేవని విసుక్కునేవాళ్లే ఎక్కువ. తేలిపోకుండా చిగురు వైపు చిన్న రాయి కట్టండి. 10 వాట్ల ఎల్ఈడీ బల్బును 10 సెంటీమీటర్ల దూరంలో పెట్టి, ఐదు నిమిషాలు ఆగి, నిమిషానికెన్నో మూడుసార్లు లెక్కేసి సగటు తీయండి. తర్వాత 20, 40 సెంటీమీటర్ల దగ్గర. దూరం రెట్టింపయితే వెలుతురు దాదాపు నాలుగో వంతే. అయినా బుడగలు అంతలా తగ్గకపోవచ్చు: దగ్గర్లో వెలుతురు ఎక్కువై, కార్బన్ డయాక్సైడే చాలక పని ఆగుతుంటుంది. పాత ఫిలమెంటు బల్బయితే నీళ్లు వేడెక్కి, కరిగిన గాలే బుడగలై మోసం చేస్తుంది. అనుమానమొస్తే నల్లగుడ్డ కప్పండి, కాసేపటికి బుడగలు ఆగాలి.

వాయువును పరీక్షించాలంటే మిగతా కొమ్మల మీద గరాటు బోర్లించి, దాని కాడ మీద నీళ్లు నిండిన టెస్ట్ ట్యూబు బోర్లించి ఎండలో పెట్టండి. సగం ట్యూబు నిండాక మూతి బొటనవేలితో మూసి తీసి, నిప్పు కణికతో ఉన్న అగరుబత్తి లోపల పెడితే కణిక భగ్గుమంటుంది.

ఆ ఆక్సిజన్ వచ్చింది కార్బన్ డయాక్సైడ్ నుంచి కాదు, నీటి నుంచి. పత్రహరితం పట్టిన వెలుతురుతో నీరు విడిపోతుంది, ఆ శక్తి, దాన్ని మోసే అణువులైన ఏటీపీ, ఎన్ఏడీపీహెచ్‌లలో నిలుస్తుంది, వాటితోనే చక్కెర తయారవుతుంది. చీకటి పడ్డాక మొక్క ఆక్సిజన్ ఇవ్వదు సరికదా తీసుకుంటుంది. భీమవరం వైపు చేపల చెరువుల్లో పచ్చదనం ఎక్కువైతే తెల్లవారుజామున చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలేది, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు తిప్పేది అందుకే.