క్యాంటీన్‌లో పోస్టర్ కంటే ముందు మార్చవలసినవి

విద్యార్థుల చేత మంచి ఆహారం తినిపించాలని సంకల్పించిన నిర్వాహకులు సాధారణంగా మొదట చేసే పని గోడకు పోస్టర్ అంటించడం. ఆ పనిని చివరకు ఉంచుకోండి. తరగతుల మధ్య దొరికిన కొద్దిపాటి విరామంలో, వెనుక వరుస తోసుకొస్తుండగా, ఆకలితో నిలబడిన విద్యార్థులు పోషక విలువల లెక్క వేయరు. ముందుగా కంటబడినదాన్ని, చేతికి తేలికగా అందినదాన్ని ట్రేలో పెట్టుకుని సాగిపోతారు. ఏ పదార్థాన్నీ నిషేధించకుండా, ధర పెంచకుండా, ఎంపిక జరిగే పరిసరాన్ని సవరించి మనిషిని ఒక వైపుకు మొగ్గేలా చేసే పద్ధతిని నడ్జ్ అంటారు. దీనికి సిద్ధాంతరూపం ఇచ్చినవారిలో ఒకరైన రిచర్డ్ థేలర్‌కు 2017లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

దేన్నీ కదిలించకముందే రెండు వారాల పాటు లెక్క రాయండి. ఏ పదార్థం ఎన్ని వడ్డనలు వెళ్లిందో, పళ్లాల్లో మిగిలి చెత్తబుట్టలోకి ఎంత చేరిందో రెండూ నమోదు చేయాలి, ఎందుకంటే తీసుకున్నంత మాత్రాన తిన్నట్లు కాదు. ఈ లెక్క లేకుండా మొదలుపెట్టిన మార్పు ఫలించిందో లేదో తరువాత ఎవరూ తేల్చలేరు.

ఆ తరువాత కౌంటర్ దగ్గరకు రండి. ఖాళీ పళ్లెంలో మొదట చేరే పదార్థానికే ఎక్కువ చోటు దక్కుతుంది కనుక కూరగాయలు, పప్పుధాన్యాలతో చేసినవి వరుస ఆరంభంలోనూ, వేపుళ్లు, మిఠాయిలు చివరలోనూ ఉండాలి. అయితే క్రమం ఒక్కటే చాలదు. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ కళాశాలల భోజనశాలల్లో శాకాహార వంటకాన్ని ముందుంచి చూసినప్పుడు, దానికీ మాంసాహార వంటకానికీ మధ్య సుమారు 180 సెంటీమీటర్ల ఎడం ఉన్నచోట అమ్మకాలు పెరిగాయి. ఆ ఎడం మీటరు లోపే ఉన్నచోట పెరగలేదు. రెండూ ఒకే చూపులో కనబడితే ఏది ముందున్నా ఒకటేనన్నమాట. అదే విశ్వవిద్యాలయం నుంచి 2019లో వెలువడిన మరో అధ్యయనంలో, నాలుగు వంటకాల్లో ఒకటిగా ఉన్న శాకాహారాన్ని రెండుకు పెంచగానే దాని అమ్మకాలు 40 శాతానికి పైగా పెరిగాయి, మొత్తం అమ్మకాలు మాత్రం దాదాపు మారలేదు. శాకాహారమంతా ఆరోగ్యకరమేనని దీని అర్థం కాదు గానీ, మంచి వంటకం ఒక్కటే పెట్టి ఎవరూ తినడం లేదని వాపోయేవారు గమనించవలసిన విషయమే. చల్లని పానీయాలను పూర్తిగా తీసివేయనక్కరలేదు. కంటి ఎత్తు అరలో మంచినీటిని ఉంచి వాటిని కింది అరకు దింపితే చాలు. పండ్లను కోసి, డబ్బు చెల్లించే చోట చేతికందేలా ఉంచండి. తొక్క తీసే శ్రమ చిన్నదే అయినా చాలామందిని అదే ఆపేస్తుంది.

పేరు విషయంలో చాలామంది పొరబడతారు. 2016లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక పెద్ద విశ్వవిద్యాలయ క్యాంటీన్‌లో ఒకే తీరుగా వండిన కూరగాయకు రోజుకో రకం పేరు తగిలించి చూశారు. నోరూరించే పేరు పెట్టిన రోజున, మామూలు పేరున్న రోజు కంటే 25 శాతం ఎక్కువ మంది దాన్ని తీసుకున్నారు. తక్కువ కొవ్వు, తక్కువ చక్కెర అంటూ సంయమనం బోధించే పేరున్న రోజుతో పోలిస్తే ఆ తేడా 41 శాతం. అందువల్ల బోర్డు మీద ‘ఆరోగ్యకరం’ అని రాయకండి. ఏ దినుసుతో, ఎలా వేయించారో, ఎంత కరకరలాడుతుందో రాయండి. అలా రాసినదానికి తగ్గట్టు రుచి ఉండకపోతే రెండోసారి ఎవరూ ఆ గిన్నె వైపు చూడరు కాబట్టి, ఈ పనిలో వంటవారిని మొదటి రోజు నుంచే కలుపుకోవాలి.

వేపుళ్లకు చిన్న గరిటె, కూరగాయలకు పెద్ద గరిటె వేయండి. ఉప్పు డబ్బాలను బల్లల మీద నుంచి తీసి ఒక మూల ఉంచండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం పెద్దవారికి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలు. పోషక విలువల పట్టికలు పెడితే తప్పు లేదు, వాటి నుంచి పెద్దగా ఆశించకండి.

ఈ రంగంలో ప్రచారంలో ఉన్న చిట్కాలన్నీ నమ్మదగినవి కావు. క్యాంటీన్ చిట్కాలకు పేరుపొందిన అప్పటి కార్నెల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు బ్రయన్ వాన్‌సింక్ రాసిన ఆరు పరిశోధన పత్రాలను అమెరికా వైద్య సంఘం వెలువరించే జామా పత్రికలు 2018లో ఒకేసారి ఉపసంహరించుకున్నాయి. కనుక ఒక్కో మార్పును విడిగా అమలు చేసి, కనీసం మూడు వారాలు ఆగి, పాత లెక్కతో పోల్చి చూడండి. పరీక్షల రోజులను, సెలవులకు ముందు వారాన్ని ఆ పోలికలో కలపకండి. ఏం మారుస్తున్నారో విద్యార్థులు అడిగితే దాచకుండా చెప్పండి. మధ్యాహ్నం ఆలస్యంగా వచ్చేవారికి కూడా కూరగాయల గిన్నె నిండుగా కనబడేలా చూసే బాధ్యతను ఒకరికి పేరుపెట్టి అప్పగించండి. అది ఖాళీగా ఉన్న గంటలో వచ్చినవారు పక్కనున్న వేపుడే తీసుకుంటారు.