చిత్తడి నేలలో దోమల పని పట్టడం ఎలా, పక్షుల జోలికి పోకుండా

చిత్తడి నేల అనగానే దోమలు గుర్తొస్తాయి, దోమలు అనగానే మందు గుర్తొస్తుంది. కానీ గట్లు, తూములు, కాలువలు పెట్టి పక్షుల కోసం నడిపే చిత్తడి నేలల్లో నీళ్లు పెట్టడం, తీయడం మన చేతిలోనే ఉంటుంది. అలాంటి చోట మందు డబ్బాతో మొదలుపెట్టడమంటే పనిని తోక వైపు నుంచి పట్టుకోవడమే. ముందు తూము, తర్వాత గడ్డి, ఆ తర్వాత చేపలూ పురుగులూ, అన్నీ అయ్యాక మందు. నా వరస ఇదీ.

దోమకు కావలసింది ఉత్తి నీళ్లు కాదు. వేడి రోజుల్లో గుడ్డు నుంచి రెక్కల దోమ అయ్యేదాకా వారం, పది రోజులు పడుతుంది, ఎండ ముదిరితే ఇంకా తొందరగా అయిపోతుంది. అన్ని రోజులూ నీళ్లు అక్కడే నిలిచి ఉండాలి, అలలు లేవకూడదు, లార్వాలను, అంటే నీళ్లలో ఈదే దోమ పిల్లలను తినే జీవి దగ్గరికి రాకుండా గడ్డి చాటు ఉండాలి. వీటిలో ఒక్కటి చెడగొట్టినా దోమకు కష్టమే, మన పనంతా ఏ చోట ఏది చెడగొట్టాలో చూసుకోవడమే.

అన్ని దోమలూ ఒకేలా గుడ్లు పెట్టవు, ఇది తెలియకే చాలామంది తప్పు పని చేస్తారు. వరద నీటి ఏడిస్ దోమలు నీళ్లలో పెట్టవు, నీళ్లు తీసేసిన తడి మట్టి మీద పెడతాయి. ఆ గుడ్లు ఎండిపోయిన నేలలో నెలల తరబడి, కొన్ని జాతులవైతే ఏళ్ల తరబడి బతికే ఉంటాయి, మళ్లీ నీళ్లు తగలగానే ఒక్కసారిగా పొదుగుతాయి. క్యూలెక్స్ మాత్రం నిలిచిన నీటి మీదే 100 నుంచి 300 గుడ్లను చిన్న తెప్పలా కట్టి వదులుతుంది, నీళ్లు ఎంత కుళ్లితే దానికి అంత ఇష్టం. అంటే నీళ్లు ఎక్కీ దిగీ ఉంటే ఏడిస్‌కు పండగ, కదలకుండా మురిగితే క్యూలెక్స్‌కు పండగ. ఇక మాన్సోనియా అని ఒకటుంది, దాని లార్వా పైకి రాదు, అంతరతామర, గుర్రపుడెక్క వేళ్లలోకి గొట్టం గుచ్చి అక్కడి గాలే పీలుస్తుంది. దాని మీద ఏ మందూ సరిగ్గా పనిచేయదు, ఆ మొక్కల్ని తీసి గట్టు మీద వేయడమే మార్గం.

కాబట్టి ఏ పనికైనా ముందు ముంచి చూడాలి. పొడుగు కర్రకు కట్టిన తెల్లటి గిన్నె చాలు, 350 మిల్లీలీటర్ల దాకా పట్టేది అయితే మంచిది. చప్పుడు చేయకుండా, మీ నీడ నీటి మీద పడకుండా వెళ్లాలి, నీడ పడితే లార్వాలు గభాలున కిందికి దిగిపోతాయి. నేను మొదట్లో సూర్యుడికి వీపు పెట్టి నిలబడి ముంచేవాణ్ని, ప్రతిసారీ గిన్నె ఖాళీ, దోమలే లేవని సంతోషపడ్డాను కూడా! నడి నీటిలో ముంచితే ఏమీ దొరకదు, అంచుల్లో, జమ్ము మొదళ్ల మధ్య, పశువుల డెక్కల గుంటల్లో ముంచాలి. ఎన్ని ముంచితే ఎన్ని లార్వాలు, చిన్నవెన్ని, పెద్దవెన్ని, ప్యూపాలు (లార్వాకూ దోమకూ మధ్య దశ) ఎన్ని అని విడిగా రాసుకోండి. ప్యూపాలు కనిపించాయంటే ఒకట్రెండు రోజుల్లో దోమలు లేస్తాయని అర్థం. గిన్నెలో ఇంకేం వచ్చాయో కూడా చూడండి, తూనీగ పిల్లలు, నీటి పురుగులు, చిన్న చేపలు బాగా కనిపించే చోట మీరు చేతులు కట్టుకుని కూర్చున్నా పర్వాలేదు. నాలుగు వారాలు రాస్తే తెలుస్తుంది, మొత్తం నేలలో దోమలు పుట్టే చోట్లు కొన్నే ఉంటాయి.

ఇప్పుడు నీళ్ల సంగతి, అసలు విషయం ఇదే. ఎండిన మడిని నింపేటప్పుడు మెల్లగా నింపడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. నీటి అంచు రోజుకు నాలుగడుగులు పాకుతూ పోతుంటే రోజూ కొత్త మట్టి తడుస్తుంది, రోజూ కొత్త పొదుగు, ఏ రోజు వెళ్లి చూసినా అన్ని వయసుల లార్వాలూ ఉంటాయి, ఏ రోజు మందు వేసినా సగం తప్పించుకుంటాయి. అదే రెండు మూడు రోజుల్లో నింపేస్తే అన్నీ ఒకేసారి పొదుగుతాయి, వాటి మీద కన్నేసి ఉంచడం తేలిక. నీళ్లు తక్కువగా వస్తాయా, అన్ని మళ్లకూ కొంచెం కొంచెం వదలకుండా ఒక మడి పూర్తిగా నింపాకే రెండోదానికి వెళ్లండి. నిండాక మట్టం కదలనివ్వకండి. వారం పాటు తగ్గనిచ్చి మళ్లీ నింపితే ఆ మధ్యలో బయటపడిన బురద మీద ఏడిస్ గుడ్లు పెట్టేసి ఉంటుంది.

చలి బాగా పడే ప్రాంతాల్లో నింపడాన్ని వాతావరణం చల్లబడేదాకా ఆపడం మంచి ఉపాయం, నీరు 10 డిగ్రీలకు దిగితే లార్వా ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది. అయితే ముందుగా వచ్చే వలస పక్షులు మీ కోసం ఆగవు కదా. అందుకని మొత్తం ఆపకుండా, గడ్డి తక్కువగా ఉండి, పాత లెక్కల్లో దోమలు పెద్దగా కనిపించని ఒకటి రెండు మళ్లను ముందు నింపి మిగతావి తర్వాత నింపండి.

పక్షులు తినే గింజల మొక్కల కోసం వేసవిలో తడి పెట్టాల్సి వస్తే నీళ్లు పెట్టిన మూడు నాలుగు రోజుల్లో పూర్తిగా తీసేయాలి. పూర్తిగా అన్నది ముఖ్యం, తూము తెరిచి వెళ్లిపోతే గుంటల్లో నిలిచిపోతాయి. ఆ గుంటల్లో చేపలు చచ్చి, ఎండకు కుళ్లి, బొట్యులిజం అనే బ్యాక్టీరియా విషం ఎక్కి బాతులు మెడలు వాల్చి పడిపోయే ప్రమాదం కూడా ఉంది, అంటే ఒక్క నిర్లక్ష్యంతో దోమలూ పెరుగుతాయి, పక్షులూ పోతాయి. అందుకే మడి మధ్యలోంచి రెండు మూడు అడుగుల లోతు కాలువ ఒకటి తవ్వి, నేలను దాని వైపు వాలుగా చదును చేసుకోవాలి. నీళ్లు తీసినప్పుడు చేపలు అందులోకి దిగుతాయి, నింపినప్పుడు అందులోంచే మడంతా పాకి లార్వాలను తింటాయి. ఈ కాలువ ఖర్చు చూసి వెనకాడేవాళ్లు చాలామంది, కానీ ఏటా మందుకు పెట్టేది లెక్కేసుకుంటే వాళ్లే తవ్విస్తారు. ఇంకో జాగ్రత్త, గూళ్లు కట్టే కాలంలో మట్టం హఠాత్తుగా పెంచకండి, గుడ్లు మునిగిపోతాయి.

నీళ్లతోనే దోమల్ని ఆపొచ్చని, అదే నీళ్లతో చిత్తడిని పాడు కూడా చేయొచ్చని అమెరికాలో ఫ్లోరిడా తీరం వాళ్లు తేల్చారు. 1950, 60 దశకాల్లో ఇండియన్ రివర్ లగూన్ పొడవునా ఉప్పు చిత్తళ్లకు గట్లు పోసి నీళ్లు నిలిపారు, తడి మట్టి దొరక్క ఉప్పునీటి ఏడిస్ గుడ్లు పెట్టలేకపోయింది. దోమలు తగ్గాయి, కానీ లోతు నీళ్లలో మడ చెట్లు చచ్చాయి, సముద్రపు చేపలకు దారి మూసుకుపోయింది. తర్వాత గట్లకు తూములు బిగించి వేసవిలో మాత్రం మూసి నింపడం, మిగతా కాలమంతా తెరిచి ఉంచడం మొదలుపెట్టారు. గట్లు అవే, దోమ గుడ్లు పెట్టే నెలల్లో మాత్రమే నీళ్లు నిలిపారు, అంతే తేడా.

గడ్డి సంగతి తొందరగా చెప్పేస్తాను. నింపకముందే కోయండి లేదా మేపండి, కోసింది నీళ్లలో వదిలేస్తే కుళ్లి క్యూలెక్స్‌ను పిలిచినట్టే. మొత్తం గొరిగేయొద్దు, సగం గడ్డి, సగం తెరిచిన నీరు అనుకుంటే బాతులకూ అదే నచ్చుతుంది. తెరిచిన భాగాలు గాలి వీచే దిక్కుగా పొడుగ్గా ఉంటే అలలు లేస్తాయి, అలల మీద దోమ గుడ్లు పెట్టదు.

చేపల దగ్గర ఒక్క మాట గట్టిగా చెప్పాలి, గంబూసియాను బయటి నుంచి తెచ్చి వదలకండి. ఉత్తర అమెరికా చేప అది, దోమల పేరు చెప్పి ప్రపంచమంతా తిప్పారు, తోకకప్పల్నీ మిగతా చేపల గుడ్లనూ పిల్లల్నీ కూడా తినేస్తుంది, దిగితే మళ్లీ తీయలేం. అక్కడ పుట్టిన చిన్న చేపలకు లోతు నీరు, దారి ఇస్తే అవే ఆ పని చేస్తాయి. గబ్బిలాల పెట్టెలు కట్టమని కూడా చెప్తుంటారు, కట్టండి, గబ్బిలాలకు మంచిదే, దోమలు మాత్రం వాటితో తగ్గవు.

ఇంత చేసినా గిన్నెలో లార్వాలు లెక్కకు మించి వస్తుంటే అప్పుడు మందు, అదీ లెక్కలో తేలిన చోట్ల మాత్రమే. మొదట బీటీఐ. 1976లో ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో ఒక గుంటలో దొరికిన బ్యాక్టీరియా ఇది, దోమ లార్వా మింగితే దాని పేగులో విషమవుతుంది, చేపలకూ పక్షులకూ నేరుగా ఏమీ కాదు. మింగితేనే పని, అందుకే ఏమీ తినని ప్యూపాల మీద వేస్తే డబ్బు దండగ, లార్వాలు చిన్నవిగా ఉన్నప్పుడే వేయాలి. అలాగని ఇష్టమొచ్చినట్టు చల్లకూడదు, ఎక్కువైతే దోమలకు చుట్టాలైన కైరోనమిడ్ పురుగులూ చస్తాయి, అవి ఎన్నో పక్షుల తిండి. ఫ్రాన్స్‌లోని కమార్గ్ చిత్తడిలో బీటీఐ చల్లిన చోట్ల పిచ్చుకంత పక్షులకు తిండి మారిపోయి, గూళ్లలో పిల్లలు తగ్గాయని గమనించారు. నీరు మురికిగా ఉంటే లైసినిబాసిల్లస్ స్ఫేరికస్ అనే ఇంకో బ్యాక్టీరియా మందు బాగా నిలుస్తుంది, కానీ అదే పదేపదే వాడితే దోమలు అలవాటుపడతాయి, మార్చి మార్చి వాడండి. నీటి మీద పొరకట్టే నూనెలు ప్యూపాలను కూడా చంపుతాయి గానీ పైకొచ్చి గాలి పీల్చే ప్రతి పురుగునూ చంపుతాయి, నేనైతే పక్షులున్న మడిలో వాటి జోలికే పోను. మందు వేశాక రెండు రోజులకు మళ్లీ అక్కడే ముంచి చూడండి, లార్వాలు ఇంకా కదులుతుంటే మోతాదు పెంచేముందు అసలు మందు గడ్డి కిందికి చేరిందో లేదో చూడాలి.

చుట్టుపక్కల వాళ్లు దోమలని ఫిర్యాదు చేస్తే ముందు ఏ దోమో పట్టి చూడండి. పగలు కుట్టే, కాళ్ల మీద తెల్ల చారలున్న ఏడిస్ ఈజిప్టి అయితే అది పుట్టింది మీ చిత్తడిలో కాదు, వాళ్ల కుండీల్లో, టైర్లలో, మూత లేని తొట్లలో, కాబట్టి తూము మూయకుండా వెళ్లి ఆ తొట్లు బోర్లించి రండి.